మునగని మనిషి

పోయినవారం నాగమణిని నడుం లోతు నీళ్ళలో నిలబెట్టేసి ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఇంతకీ మునిగిందా లేదా అని పత్రిక ఆఫీసుకి ఫోన్లు చేసినవాళ్ళున్నారు. మునగలేదండీ. తడిసిన తెల్లచీర ఒంటికి అంటుకుపోయి, అల వచ్చినప్పుడల్లా తూలి మళ్ళీ నిలదొక్కుకుంటూ ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసి ఆవిడ దగ్గరికి వెళ్ళిపోదాం. నాగమణిది విశాఖపట్నంలో జాలరిపేట. గంప నెత్తికెత్తుకుని అపార్ట్‌మెంట్ల మెట్లెక్కి చేపలమ్మే మనిషి. మొగుడు అప్పలరాజు, సొంత అన్న సన్యాసిరాజు ఒకే పడవ మీద వేటకెళ్ళేవారు. ఆలుమగలిద్దరూ వీధి చివరి రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనలకి వెళ్ళి ఏసుప్రభువుని నమ్ముకున్నారు. నమ్మారు గానీ బాప్తిస్మం తీసుకోలేదు. అప్పలరాజు ఇదిగో అదిగో అంటూ వాయిదా వేశాడు, మొగుడు లేకుండా తనొక్కతే ఎందుకని ఆవిడా ఆగింది. మాఘమాసంలో పడవ బోల్తా పడింది. సన్యాసిరాజు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. అప్పలరాజుని మాత్రం అలలు తీసుకెళ్ళి భీమిలి వైపు ఇసుకలో పడేశాయి. ఇప్పుడు వేసవి. వేట నిషేధం నెలలు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఈ ఆదివారం పొద్దున నాగమణికి బాప్తిస్మం ఇవ్వడానికి పాస్టరు దయాసాగర్ సముద్రంలో దిగి, తల మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ తల పక్కకి తప్పించి ఒక మాట అడిగింది. అక్కడ ఆగాం.

“అయ్యగారూ, నాను మునిగితే నాకు రక్షణ వస్తాదన్నారు. మరి మునక్కుండా ఎల్లిపోయిన మా ఆయన ఏటైపోనాడు?”

దయాసాగర్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆయనది కృష్ణా జిల్లా. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఆదివారాలు పాస్టరు పని. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా గాజువాక నుంచి మోటార్‌సైకిలు మీద తిన్నగా సముద్రానికే వచ్చాడు. మంచివాడే. మైకు దొరికితే మాత్రం మంచితనం కాస్త వెనక్కి తగ్గి గొంతు ముందుకొస్తుంది. ఇవాళ మైకు లేదు, పైగా అలల హోరు. గొంతు ఎంత పెట్టాలో ఆయనకి తెలియలేదు.

“ఇప్పుడా అమ్మా ఆ మాట? ముందు కార్యక్రమం కానివ్వమ్మా. ఒడ్డుకెళ్ళాక కూర్చుని మాట్లాడుకుందాం.”

“ఒడ్డుకెల్లినాక ఇంకేటి మాటాడతాం? అప్పటికి మునిగీసి ఉంటాను కదేటి?”

ఒడ్డున ప్రార్థనల సంఘం వాళ్ళు పాడుతున్న పాట సగంలో ఆగిపోయింది. నాగమణి కంటే ముందు మునిగి లేచిన అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళిద్దరు తువ్వాళ్ళు కప్పుకుని ఇడ్లీ పొట్లాలు విప్పుకుంటున్నవాళ్ళు కాస్తా, పొట్లాలు అలాగే పట్టుకుని చూస్తున్నారు. పాపం వాళ్ళకి ఇప్పుడే రక్షణ దొరికింది, దాని మీద అప్పుడే తగువు మొదలైంది.

“అప్పలరాజు ప్రభువు దగ్గరున్నాడమ్మా,” అన్నాడు దయాసాగర్ మెల్లగా. “సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే గదా.”

“సేసినారు. ప్రభువు ఒళ్ళో ఉన్నాడన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను అయ్యగారూ. మరి పోయినాదివారం మైకులో ఏటన్నారు? నీళ్ళలో మునిగి లెగనోడికి పరలోకం తలుపు తెరవరన్నారు. ఎంత నమ్మినా తెరవరన్నారు. నాను ముందు వరసలోనే కూకున్నాను. రెండు మాటలూ మీ నోటితోనే ఇన్నాను. ఏది నిజం?”

నిజం చెప్పాలంటే రెండు మాటలూ దయాసాగర్ మనస్ఫూర్తిగానే అన్నాడు. ఏడుస్తున్న ఆడమనిషిని చూసి మొదటిది అన్నాడు. రేపు మాపు అని వాయిదాలు వేసే జనాన్ని చూసి రెండోది అన్నాడు. ఎదుట ఉన్న మనిషిని బట్టి మాట మార్చడం పాస్టర్లకే కాదు, మనందరికీ ఉన్న అలవాటే. కాకపోతే మనల్ని ఎవరూ సముద్రంలో నిలబెట్టి అడగరు.

“చూడమ్మా, సిలువ మీద ప్రభువు పక్కన ఒక దొంగ ఉన్నాడు గదా,” అని అందుకున్నాడు. “ఆఖరి గడియలో నమ్మాడు. ఏ నీళ్ళలోనూ మునగలేదు. అయినా ప్రభువు వెంట పరదైసుకి వెళ్ళాడు. ఆ కృప అప్పలరాజుకి మాత్రం ఎందుకుండదు?”

ఇది పాస్టర్లందరి దగ్గరా సిద్ధంగా ఉండే సమాధానం. చాలామంది దీంతో తల ఊపి ఊరుకుంటారు. నాగమణి ఊరుకోలేదు.

“ఆ దొంగని మేకులేసి కొట్టీసినారు అయ్యగారూ. నీళ్ళ కాడికి ఎలగెల్తాడు? మా ఆయనకి గుమ్మం దిగితే సముద్రం. పొద్దున్నా సాయంత్రం దాన్లోనే ఉండీవోడు. ఒకేడాది కాదు, నమ్మిన కాడ్నుంచీ మునుగుతాను మునుగుతాను అనీవోడు. మునగలేకపోయినోడూ మునక్కుండా ఉన్నోడూ ఒకటేనా?”

దయాసాగర్‌కి ఇది కొత్త ప్రశ్న. బైబిలు కాలేజీలో ఆయనకి దొంగ గురించి చెప్పారు గానీ, గుమ్మం ముందే సముద్రం ఉన్న మనిషి గురించి ఎవరూ చెప్పలేదు. నిద్రలేని కళ్ళు ఉప్పునీటికి మండుతున్నాయి. ఆయన తనకి బాగా తెలిసిన చోటికి, అంటే స్టీల్ ప్లాంటుకి వెళ్ళిపోయాడు.

“ఇట్లా అనుకోమ్మా. నేను ప్లాంటులో ఉద్యోగిని. నా పేరు లోపల రాసే ఉంది. అయినా గేటు దగ్గర పాసు చూపించాలి గదా? విశ్వాసం ఉద్యోగం అనుకో, బాప్తిస్మం పాసు అనుకో.”

“పాసు ఇంటికాడ మర్సిపోతే ఉద్యోగం తీసెత్తారా?”

“తియ్యరు. లోపల్నుంచి ఎవరన్నా వచ్చి, ఇతను మావాడే అని చెబితే పంపిస్తారు.”

“మరి అక్కడ మా ఆయనకి ఎవరొచ్చి సెప్తారు?”

“ప్రభువే చెబుతాడమ్మా!”

“అయితే పాసెందుకు?” అంది నాగమణి.

కుర్రాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. నాగమణి నవ్వించడానికి అనలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గెలవాలనీ లేదు. పాస్టరు తనని ఎలాగైనా ఓడించి, ఇదిగో ఇది నిజం, పట్టుకో అని ఒక్క మాట చేతిలో పెడితే చాలునని ఆవిడ చూస్తోంది. ఆయన పెట్టలేకపోతున్నాడు.

ఇక చిట్టెమ్మ ఆగలేకపోయింది. సంఘంలో అందరికంటే పెద్దావిడ. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మోకాళ్ళ లోతు దాకా దిగి వచ్చేసింది. ఈవిడకి బాప్తిస్మాల విషయంలో ఉన్నంత అనుభవం పాస్టరుకి కూడా లేదు. పసితనంలో ఒక చర్చిలో నీళ్ళు చిలకరించారు. అది చెల్లదని పెళ్ళయ్యాక అత్తారి సంఘం వాళ్ళు తొట్టిలో ముంచారు. తొట్టి పనికిరాదు, పారే నీరు కావాలని ఇంకెవరో చెబితే ముసలితనంలో మళ్ళీ సముద్రంలో మునిగింది.

“ఓలమ్మ నాగమణీ, అన్నేసి ఆరాలు తియ్యకు,” అంది. “నాను మూడుసార్లు సేయించుకున్నాను. మూడింట్లో ఏదో ఒకటి పని సెయ్యకపోదు. నువ్వు ముందు మునిగీ. మొగుడి సంగతి ఆ తర్వాత దేవుడికి మొక్కుకుందువు గాని.”

“అలగ మునిగితే నాకు దడుపు, పిన్నీ.”

“నీళ్ళకి దడుపేటే నీకు? జాలరోళ్ళ ఆడపిల్లవి!”

“నీళ్ళకి కాదు,” అంది నాగమణి. అని, చిట్టెమ్మనీ పాస్టరునీ కాకుండా ఒడ్డు వైపు చూస్తూ మొత్తం బయటపెట్టేసింది. “నాను మునిగినానంటే ఆ తలుపు నిజమని ఒప్పుకున్నట్టే కదా. అప్పుడు నాను లోపల, ఆయన బైట. పోనీ ఆయన కోసమని మునక్కుండా ఉండిపోతే, ప్రభువు పిలిస్తే రానన్నట్టు. ఎటెల్లమంటారు నన్ను? ఇన్నాళ్ళూ ఆయన పక్కనే పడుకున్నాను. సచ్చినాక ఒకలు ఒక పక్కా, ఒకలు ఒక పక్కా అంటే ఎలగ?”

నాకూ, ఈ కథ రాస్తున్నదాన్ని కదా, ఇక్కడ ఏదో ఒకటి చెప్పి ఆవిణ్ణి ఓదార్చాలని ఉంది. కానీ తెలియనిది తెలిసినట్టు ఎలా రాయను?

దయాసాగర్ వేరే వైపు నుంచి తడుముకున్నాడు. “ఇంతకీ ఆయన ఎందుకు వాయిదా వేశాడమ్మా? నన్నెప్పుడు కలిసినా వచ్చేనెల అనేవాడు.”

నాగమణి గడ్డంతో ఒడ్డు చూపించింది. అక్కడ, పాటల గుంపుకి దూరంగా, పడవ అంచు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు సన్యాసిరాజు. ప్రార్థనల వైపు ఎప్పుడూ రాని మనిషి. ఇవాళ ఎందుకొచ్చాడో, వచ్చి ఎందుకు దూరంగా కూర్చున్నాడో ఎవరికీ తెలియదు.

“మా అన్నని అడగండి.”

విషయం ఇది. జాలరిపేటలో నిషేధం ముగిసి మళ్ళీ వేట మొదలైన రోజున పడవని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మ తల్లి పేరు చెప్పి కొబ్బరికాయ కొడతారు. ఆ పడవ మీద వెళ్ళే ప్రతివాడూ ఆ పసుపు మీద చెయ్యి వెయ్యాలి. ఒక్కడు వెయ్యకపోయినా మిగిలినవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళరు, వెళ్తానన్నా ఇంట్లో ఆడవాళ్ళు వెళ్ళనివ్వరు. బాప్తిస్మం తీసుకున్నవాడు ఆ పసుపు ముట్టుకోకూడదని దయాసాగర్ మాట. ముట్టుకోనివాడు తన పడవ ఎక్కకూడదని సన్యాసిరాజు మాట. ఈ రెండు మాటల మధ్యా అప్పలరాజు నలిగాడు. ఈ నిషేధంలో సొంతంగా తెప్ప ఒకటి కట్టుకుని అప్పుడు మునుగుతానని పెళ్ళానికి చెప్పాడు. నిషేధం వచ్చింది, ఆయన లేడు.

“అయితే ఆటంకం ఉంది గదమ్మా!” దయాసాగర్ ముఖం కాస్త వెలిగింది. “కావాలని మానలేదుగా.”

“పడవ కావాలో ప్రభువు కావాలో తేల్సుకోలేకపోనాడు. దాన్ని ఆటంకం అంటారో ఏటంటారో మీకే తెలియాలి.” అని, ఒడ్డుకేసి గొంతెత్తింది. “ఓలన్నా! ఇనబడిందేటి? నీ పడవ కోసం ఆగినాడు. నువ్వు ఆ మాట అనకపోతే ఎప్పుడో మునిగీసి ఉండీవోడు. ఇప్పుడు ఏ గుమ్మం కాడ నిలబడ్డాడో, ఎవరు సెప్తారు నాకు?”

సన్యాసిరాజు బీడీ ఇసుకలో పారేసి లేచాడు. లుంగీ ఎగ్గట్టుకోకుండానే నీళ్ళలోకి నడిచాడు. సంఘం వాళ్ళు దారి ఇచ్చారు. చెల్లెల్ని చెయ్యి పట్టి ఇంటికి లాక్కుపోతాడనే అందరూ అనుకున్నారు. చిట్టెమ్మ ఎందుకైనా మంచిదని నాగమణికి దగ్గరగా జరిగింది. ఆయన వచ్చి, చెల్లెలి ముఖం చూడకుండా, పాస్టరు చొక్కా గుండీలకేసి చూస్తూ అన్నాడు.

“మునిగినాడు.”

“ఎవరు?” అన్నాడు దయాసాగర్.

“బావ. మునిగినాడు. దాన్ని ఏడవొద్దనండి.”

నాగమణికి ఒళ్ళు మండిపోయింది. “సముద్రంలో పడి పోయినోడు మునక్కేటవుతాడు? ఎటకారమా నీకు?”

“అలగ కాదే. తల మీద సెయ్యేసి, పేర్లు సెప్పి ముంచితే మునిగినాడు.” సన్యాసిరాజు అప్పుడు చెల్లెలి వైపు తిరిగాడు. “నానే ముంచినాను.”

మాఘమాసం నుంచి ఈ మనిషి చెప్పింది ఒక్కటే. అల కొట్టింది, పడవ తిరగబడింది, బావ పోనాడు. పోలీసులకీ అదే, చెల్లెలికీ అదే. ఆ తర్వాత ఎవరేం గుచ్చి అడిగినా లేచి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, చేతులు నీళ్ళ కింద దాచుకుని చెప్పాడు.

“ఆరోజు పడవలో మేమిద్దరమే. తిరగబడ్డప్పుడు ఇంజనొచ్చి బావ గుండెల మీద తగిలింది. కాళీ డీజిలు డబ్బా ఒకటి దొరికితే దాన్ని ఇద్దరం పట్టుకున్నాం. నోట్లోంచి రగతం ఒత్తంది ఆడికి. ఊపిరి అందట్లేదు. ఎవులో ఒకలు ఒత్తార్రా బావా, డబ్బా ఒగ్గకు అంటన్నాను. ఆడేమో, బావా నన్ను ముంచెయ్ అంటన్నాడు. ముంచడమేటి అన్నాను. బాప్తిస్మం బావా, నువ్వే ఇచ్చెయ్ అన్నాడు. ఇక్కడ పాస్టరెవుడూ నేడు కదరా అంటే, నువ్వున్నావు కదా అన్నాడు.”

నాగమణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకేటి తెలుసు అంటే నీకు తెలుసులే అన్నాడు. ఆడికి తెలుసు. మీరు ఆ మైకు మా గోడకేసి కదా పెడతారు.” ఇది పాస్టరుతో. “కిటికీలు మూసుకున్నా ఇనబడతాది. నీళ్ళలో దింపినప్పుడల్లా మీరరిసే మాట నాకూ కంఠతా ఒచ్చీసింది. ఆడి తల మీద సెయ్యేసినాను. తండ్రి నామమున అన్నాను. కుమారుని నామమున అన్నాను.”

అక్కడ ఆగాడు.

“తర్వాత?” అన్నాడు దయాసాగర్. ఆయనకి తెలియకుండానే ఇంకో అడుగు ముందుకు వేశాడు.

“ఆ మూడోది నోటికి రానేదు.”

“పరిశుద్ధాత్మ!”

“అదే. మామూలుగానే మా నోటికి తిరగదు. అప్పుడసలే రానేదు. బావేమో కళ్ళు తేలేత్తన్నాడు. సముద్రం మీద ఉన్నాను, సేతుల్లో మనిషి పోతన్నాడు. అలగున్నప్పుడు మా నోట్లోంచి ఎవలి పేరొత్తాది అయ్యగారూ? గంగమ్మ తల్లి నామమున అనీసినాను.”

“ఓలమ్మ ఓలమ్మ!” అని చిట్టెమ్మ చెంపలేసుకుంది. మూడు బాప్తిస్మాలు చూసిన మనిషికి కూడా ఇలాంటిది తగల్లేదు.

“బావ ఇన్నాడు,” అన్నాడు సన్యాసిరాజు. “ఇని నవ్వినాడు. అంత నొప్పిలోనూ నవ్వినాడు. అదేటి బావా, అన్నాడు. తర్వాత సరిసేసుకుందాంలేరా, అన్నాను. అని ముంచినాను.”

నాగమణి ఏడుస్తూనే నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వాడంటే అది మొగుడే అని జాలరిపేటలో ఎవరైనా చెబుతారు, అప్పలరాజు తీరు అలాంటిది. అంటే అన్న అబద్ధం ఆడటం లేదు. ఆవిడ చప్పున దయాసాగర్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

“అయ్యగారూ, నమ్మినాడు కదా. నోరు తెరిసి అడిగినాడు కదా. మునిగినాడు కదా. ఇంకేటి కావాలి? సెల్లుతాది కదా? సెల్లుతాదని అనండి అయ్యగారూ!”

దయాసాగర్ అందరికేసీ చూశాడు. బాప్తిస్మం ఇచ్చినవాడు విశ్వాసి కాదు. చెప్పిన పేర్లలో ఒకటి ఏ సంఘమూ ఒప్పుకోని పేరు. పద్ధతి ప్రకారం చెల్లదు, ఇందులో సందేహమే లేదు. కానీ అడిగినవాడి విశ్వాసం మాత్రం, ఇన్నేళ్ళుగా ఆయన చేత్తో ముంచి లేపిన ఎవరిలోనూ చూడనంత గట్టిది. ఆ కుర్రాళ్ళు అడిగింది, బాప్తిస్మం లేనిదే చర్చిలో పెళ్ళి చెయ్యరు కాబట్టేనని ఆయనకి తెలుసు. అప్పలరాజు దేని కోసం అడిగాడు? నీళ్ళు అవసరం లేదంటే ఆ మనిషి ఆఖరి ఊపిరి పెట్టి అడిగింది ఉత్తదే అవుతుంది. అవసరమే అంటే, సరిగ్గా జరగలేదు కాబట్టి బయటే ఉన్నాడనాలి. ఏమన్నా ఆ మనిషికి అన్యాయమే.

“నాకు తెలియటం లేదమ్మా,” అన్నాడు.

ఆయన నోట ఆ మాట జాలరిపేట అంతకుముందు వినలేదు. నాగమణి చెయ్యి వదిలేసింది. కోపంతో కాదు. తెలియదన్న మనిషిని ఇంకేం అడుగుతుంది? మళ్ళీ అన్న వైపు తిరిగింది. అడగాల్సింది ఇంకొకటి ఉంది, ముందు అడగాల్సింది అదే. మొగుడి చివరి మాట వినాలని ఏ ఆడదానికి ఉండదు?

“లెగిసినాక ఏటన్నాడు అన్నా?”

సన్యాసిరాజు తల పక్కకి తిప్పుకున్నాడు.

“నీళ్ళలోంచి లెగిసినాక ఏటన్నాడు? నా మాటేటైనా ఎత్తినాడా?”

“నాగమణీ…”

“సెప్పు అన్నా. ఏదైనా పర్వానేదు, సెప్పు.”

“లెగనేదమ్మా,” అన్నాడు సన్యాసిరాజు.

దాచుకున్న చేతులు పైకి తీశాడు.

“ముంచేదాకా నా సేతిలోనే ఉన్నాడు. లేపబోతే అలొచ్చింది. ఇద్దర్నీ తిరగేసి కొట్టింది. పైకొచ్చి సూత్తే నా సేతిలో ఆడి సొక్కా సినిగిన గుడ్డుంది. ఆడు లేడు. డబ్బా ఒక పక్కకి కొట్టుకుపోతంది. అరిసినాను, మునిగి ఎతికినాను. నేడమ్మా. కాసేపటికి కాకినాడోళ్ళ బోటొచ్చి నన్ను లాగింది. కాసేపే. ఎక్కువ సేపు కాదు. నాను ముంచకుండా ఉంటే, ఆడు డబ్బా పట్టుకుని ఇంకాసేపు ఉండుంటే…” మాట పూర్తి చెయ్యలేక దయాసాగర్‌ని అడిగాడు. “అది బాప్తిస్మమేనా అయ్యగారూ? బాప్తిస్మం ఇచ్చినానా, మా బావని సంపీసినానా? అది అడుగుదామనే ఒచ్చినాను ఇయ్యాల. మీకు తెలియకపోతే ఇంకెవులికి తెలుస్తాది?”

దయాసాగర్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. వేసి అలాగే ఉంచాడు. చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నాగమణి అన్నని చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ముఖంలో కోపం ఉందో, జాలి ఉందో, రెండూ కలిసి ఇంకేమైనా అయ్యాయో ఎదురుగా ఉన్న దయాసాగర్‌కి అంతుపట్టలేదు. ఒక అల వచ్చి ఆవిణ్ణి తోసింది. సన్యాసిరాజు పడిపోకుండా పట్టుకోబోయి, తన చేతుల్ని చూసుకుని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ అది గమనించింది.

“అయ్యగారూ, మీరు కాసేపు పక్కకి జరగండి,” అంది.

“ఏమ్మా?”

“జరగండి.” దయాసాగర్ జరిగాడు. ఆవిడ అన్నకి ఎదురుగా వచ్చి నిలబడింది. “అన్నా, నన్ను ముంచు.”

“పిచ్చెక్కిందేటే నీకు?”

“నేదు. ఆయన్ని ముంచినట్టే ముంచు. ఆ మూడు పేర్లతోనే.”

“అలగ కుదరదమ్మా!” దయాసాగర్ గట్టిగానే అన్నాడు. “నాగమణమ్మా, నా మాట విను. నేనిస్తాను. పద్ధతిగా ఇస్తాను.”

“మీ పద్ధతిలో తెరిసిన తలుపు లోపల ఆయనున్నాడో నేడో మీకే తెల్దన్నారు. ఆయన ఏ తలుపులోంచి ఎల్లినాడో నాను ఆ తలుపులోంచే ఎల్తాను. అది పరలోకమే అయితే ఇద్దరం ఉంటాం. కాకపోయినా ఇద్దరమే ఉంటాం.”

“నా సేతులతోనా?” సన్యాసిరాజు ఏడుస్తున్నాడు. “ఈ సేతులతో నిన్ను నీళ్ళలో పెట్టమంటావా? నా వల్ల కాదే. మళ్ళీ అలొస్తే?”

“వస్తే రానీ. ఈసారి లేపు.”

అని అన్న కుడిచేతిని తనే లాగి తల మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ గుండెల మీద వేసుకుంది. ఇన్నాళ్ళూ అన్న దాచింది విని మన్నించిందో, విన్నాకే ఈ శిక్ష వేసిందో, అసలు పైకి లేచే ఉద్దేశం ఆవిడకి ఉందో లేదో, మూసుకున్న ఆ కళ్ళు చూసి ఎవరు చెప్పగలరు?

సన్యాసిరాజు దయాసాగర్ వైపు చూశాడు. ఆపమన్నట్టు చూశాడో, మూడో పేరు అందించమన్నట్టు చూశాడో. దయాసాగర్ ఆపనూ లేదు, అందించనూ లేదు. దూరంగా నీళ్ళు పొంగి, పెద్ద అల ఒకటి వాళ్ళ వైపు బయలుదేరింది. సన్యాసిరాజు దాన్ని చూశాడు. రెండో చెయ్యి చెల్లెలి వీపు కింద వేసి గట్టిగా పట్టుకున్నాడు.

“తండ్రి నామమున,” అన్నాడు. “కుమారుని నామమున…”